పటం చెప్పేది, చెప్పనిది
రాయ్‌పూర్ రైల్వే కాలనీని పాత సర్వే పటాల్లో వెతికితే

దసరా రాత్రి రావణ దహనానికి రాయ్‌పూర్ జనం పోటెత్తే మైదానాల్లో డబ్ల్యూఆర్ఎస్ కాలనీది ఒకటి. వ్యాగన్ రిపేర్ షాప్ అన్న మాటలను కుదించి పెట్టుకున్న పేరది. రైల్వే ఉద్యోగాల కోసం వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలకు అది సొంత ఊరుతో సమానం. స్వాతంత్ర్యానికి ముందటి సర్వే పటంలో మాత్రం ఆ పేరు లేదు.

పేరు లేదని పటాన్ని పక్కన పెడితే పొరపాటే. సర్వే ఆఫ్ ఇండియా పద్ధతిలో రాయ్‌పూర్ పడేది 64 జి షీట్లలో. అందులో నీలం నీళ్లది, గోధుమ రంగు గీతలు నేల ఎత్తుపల్లాలవి, నలుపు పేర్లది, పట్టాలది. ఇవన్నీ ఒకే ఏడాదివి కాకపోవచ్చు. పాత కొలతల మీదే కొత్త రైలు మార్గం గీసి మళ్లీ అచ్చేయడం మామూలే. అందుకే అనుభవజ్ఞులు పటం మధ్యలోకి చూసే ముందు అంచు చూస్తారు. సర్వే ఎప్పుడు, సవరణ ఎప్పుడు, ముద్రణ ఎప్పుడు అన్నది అక్కడే ఉంటుంది. అచ్చయిన ఏడాదే సర్వే ఏడాది అనుకుంటే లెక్క తప్పుతుంది.

తేదీ లేని పటానికి పట్టాలే పంచాంగం. 1880ల తొలినాళ్లలో నాగ్‌పూర్ నుంచి వచ్చిన మీటర్ గేజ్ రాజ్‌నంద్‌గావ్‌లోనే ఆగింది. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే దాన్ని బ్రాడ్ గేజ్‌గా మార్చి ముందుకు తీసుకెళ్లింది. విజయనగరం వైపు గీత పూర్తిగా కనిపిస్తే ఆ పొర 1931కి ముందుది కాదు. ఉత్తరాంధ్రను రాయ్‌పూర్‌తో నేరుగా కలిపిన మార్గమది. ధమ్‌తరి నారో గేజ్ కథ మరోలా ముగిసింది. నగరంలో ఆ పట్టాలు పోయి, అదే దారిలో ఎక్స్‌ప్రెస్‌వే వచ్చింది. నేటి ఉపగ్రహ చిత్రంలో ఆ రోడ్డు వంపు నిజానికి రైలు వంపే.

పేర్లదీ అదే తీరు. తేలీబాంధా నేడు రద్దీ కూడలి. పేరులోని ‘బాంధా’ మాత్రం చెరువు కట్టను మరిచిపోనివ్వదు. అయితే పాత పటాన్ని ఉపగ్రహ చిత్రం మీద నేరుగా పరిస్తే చెరువు వెళ్లి రోడ్డెక్కుతుంది. పాత షీట్లు ఎవరెస్ట్ గోళాభం లెక్కవి, జీపీఎస్ మరో లెక్కది. గుడి, రైల్వే వంతెన లాంటి కదలని గుర్తులు పట్టుకుని సరిపెట్టాలి.

అసలు చిక్కు కాగితాల దగ్గర. ఛత్తీస్‌గఢ్‌లో కుల ధ్రువపత్రానికి ఎస్సీలైతే 1950 ఆగస్టు 10, ఎస్టీలైతే అదే ఏడాది సెప్టెంబరు 6, ఓబీసీలైతే 1984 డిసెంబరు 26 నాటికి కుటుంబం అక్కడ నివసించినట్లు ఆధారం అడుగుతారు. ఒక రాష్ట్రంలోని ఎస్సీ, ఎస్టీ హోదా వలసతో పాటు మరో రాష్ట్రానికి రాదని 1990లో సుప్రీంకోర్టు తేల్చింది. తెనాలిలో పుట్టి బొంబాయి వైద్య కళాశాలలో సీటడిగిన విద్యార్థి కేసది. ఇలాంటి చోట టోపో షీటు అక్కరకు రాదు. అది ఇళ్లను చూపుతుంది, ఇంట్లోవాళ్లను కాదు. మనుషుల పేర్లుండేది మిసల్ బందోబస్తు వంటి రెవెన్యూ రికార్డుల్లో. పట్వారీ నక్షాలోని ఖస్రా నంబరు పట్టుకుని ఖతౌనీకి వెళితే భూమి ఎవరిదో తెలుస్తుంది. కానీ రైల్వే క్వార్టర్‌లో ఉన్నవారికి ఖస్రా ఎక్కడిది? ఆ నేల యజమాని రైల్వే. వారి వరకు తాత సర్వీసు పుస్తకం, బడి రిజిస్టరు పటం కన్నా గట్టి ఆధారాలు.