హారంలో కూర్చున్న 32

తొమ్మిది మాదీఫలాలు, ఏడు వెలగపండ్లు కలిపి 107. ఏడు మాదీఫలాలు, తొమ్మిది వెలగపండ్లయితే 101. ఒక్కో పండు ధరెంత? క్రీ.శ. 850 ప్రాంతంలో, రాష్ట్రకూట అమోఘవర్షుడి కాలంలో, జైన గణితవేత్త మహావీరాచార్యుడు 'గణితసారసంగ్రహం'లో ఇచ్చిన లెక్క ఇది. ఆ గ్రంథాన్నే తర్వాత పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు.

బడిలో ఎక్స్, వై అంటాం. ఇక్కడ మాదీఫలం ధర 'మ', వెలగపండు ధర 'వ' అనుకుందాం. లెక్క రూపాయల్లో వేసుకుందాం.

9మ + 7వ = 107
7మ + 9వ = 101

చాలామంది పిల్లలు వెంటనే ప్రతిక్షేపణకు దిగి భిన్నాల్లో చిక్కుకుంటారు. అంత అవసరం లేదు. రెండూ కూడితే 16మ + 16వ = 208, అంటే మ + వ = 13. తీసివేస్తే 2మ – 2వ = 6, అంటే మ – వ = 3. మాదీఫలం 8, వెలగపండు 5. అయిపోయింది.

గుణకాలు ఇలా అటుదిటు కావడం వల్ల కుదిరిన సులువిది. ప్రతి లెక్కకూ పనికొచ్చేది తొలగింపు పద్ధతి. మొదటి సమీకరణాన్ని 9తో, రెండోదాన్ని 7తో గుణించి తీసేస్తే 'వ' పోతుంది. 963లోంచి 707 పోతే 256. దాన్ని 81 – 49, అంటే 32తో భాగిస్తే 8. నా దృష్టిలో ఈ లెక్కలో అసలు చూడాల్సింది 8 కాదు, ఆ 32.

ఎందుకంటారా? బిల్లులో 101కి బదులు 102 పడిందనుకోండి. ధరలు సుమారు 7.78, 5.28 అవుతాయి. పైసల్లోనే తేడా. ఇప్పుడు రెండో బేరం మారుద్దాం: 10మ + 8వ = 120. జవాబు అదే, 8, 5. కానీ హారం 9×8 – 7×10 = 2 మాత్రమే. ఇక్కడ 120కి బదులు 121 పడితే మాదీఫలం 4.50కి దిగుతుంది, వెలగపండు 9.50కి ఎక్కుతుంది! పొరపాటు ఒక్క రూపాయే. ఏ పండు ఖరీదైనదో కూడా తారుమారైంది. గ్రాఫు గీస్తే రెండు రేఖలూ దాదాపు ఒకే వాలులో ఉంటాయి. ఒకదాన్ని కాస్త జరిపినా ఖండన బిందువు చాలా దూరం పోతుంది.

హారం సున్నా అయితే ఏకైక సాధన ఉండదు. 18మ + 14వ = 214 అన్నది మొదటి బేరానికి రెట్టింపే, కొత్త కబురేమీ లేదు; సాధనలు అనంతం. అదే 220 అంటే రేఖలు సమాంతరం, సాధనే లేదు.

పదో తరగతి పిల్లలకు ఒక మాట: వచ్చిన విలువలను రెండు సమీకరణాల్లోనూ వేసి చూడండి. ఒక్కదాంట్లో సరిపోయిందని వదిలేయకండి. ఆ తప్పు ధరలు 4.50, 9.50 కూడా మొదటి సమీకరణంలో సరిగ్గా 107 ఇస్తాయి.