మన బాలికల యాటలను భద్రపఱచుట

1983వ సంవత్సరము జూన్ 18వ తేదీన ఇంగ్లండు దేశమున టన్‌బ్రిడ్జి వెల్సు అను పట్టణమందు, ప్రపంచకప్పు క్రికెట్టు పోటీలో మన దేశపు జట్టు జింబాబ్వే జట్టు నెదుర్కొనెను. 17 పరుగులకే మనవారైదుగురు వెనుదిరిగిరి. అట్టి విపత్తున నాయకుఁడగు కపిల్ దేవ్ పూనుకొని 175 పరుగులు చేసి, కడవఱకు నవుటు కాక నిలిచెను. మన జట్టు 31 పరుగుల తేడాతో గెలిచెను. వారము దినములకు ప్రపంచకప్పునే గైకొనెను. అంతటి యాటకు నేఁడు వీడియో లేదు. అంకెలును, కొలఁది ఛాయాచిత్రములును, చూచినవారి మాటలును మాత్రమే మనకు మిగిలినవి.

ప్రపంచమెఱిఁగిన యాటకే యీ గతి పట్టఁగా, మన పాఠశాలల మైదానములలో మన బాలికలాడు చెడుగుడునకును, ఖోఖోకును, వాలీబాలునకును సాక్షి యెవ్వరు? గెలిచిన కప్పు ప్రధానోపాధ్యాయుని గదిలో నుండును గాని, గెలిచిన విధము చూచినవారి కన్నులతోనే పోవును. కావున బాలికల యాటను వీడియో తీయుట వట్టి వేడుక కాదు; అది సాక్ష్యము. ఆ సాక్ష్యమును కంప్యూటరులోనికి చేర్చుటయు, దానిని సక్రమముగా పరిష్కరించుటయు గృహిణులు నేర్వఁదగిన పనులని నా విన్నపము.

మా వదినగారు పెండ్లికి మునుపు చెడుగుడు ఆడెడివారు. 2003వ సంవత్సరమున జిల్లా పోటీలలో వారాడిన తుదియాటను, పెండ్లి వీడియోలు తీయునతఁ డొకఁడు వీ.హెచ్.ఎస్. టేపునఁ బట్టెను. పెండ్లియైన పిదప వారు మరల మైదానమున కాలు మోపలేదు. ఆ టేపు బీరువాలో పట్టుచీరల క్రింద ఇరువది యేండ్లు పడియుండెను. మా యమ్మాయి “అత్తయ్య నిజముగా ఆడినదా?” అని యడిగిన నాఁడు, ఆ టేపు కంటె మంచి జవాబు మాకు లేకపోయెను. ఇట్టి టేపులు ఇంకను నెన్ని యిండ్లలో నున్నవో!

టేపనఁగా సన్నని ప్లాస్టిక్కు పట్టీపై అయస్కాంతపు పొడిని జిగురుతో నంటించినది. కాలము గడచిన కొలఁది ముద్ర పలుచనగును, జిగురు వదలును. తేమ తగిలినచో బూజు పట్టును. ఆవకాయ జాడీలో తడి గరిటె పెట్టిన నేమగునో మనమెఱుఁగుదుము. బూజు పట్టిన టేపును యంత్రమునఁ బెట్టినను నంతియే. ఆ బూజు యంత్రమునకును, అచ్చటినుండి తరువాతి టేపులకును సోఁకును. కావున ముందుగా టేపు పెట్టె కిటికీలోనుండి చుట్టను చూచి, తెల్లని పొడ కనఁబడినచో, దానిని ఆడింపక, శుభ్రపఱచుట తెలిసినవారికి చూపవలెను. వీ.హెచ్.ఎస్. యంత్రములను చేయువారిలో కడపటిదిగాఁ బేరుపడిన జపాను సంస్థ ఫునాయ్ 2016 జూలైలో వానిని చేయుట మానెను. నేఁడు దొరకునవి పాతయంత్రములే. ఈ పనిని వచ్చు వేసవికి వాయిదా వేయరాదు.

ఇఁక దింపుకొను విధము. టేపు అంచున నుండు చిన్న ప్లాస్టిక్కు పలకను మొదట విఱిచివేయవలెను. అది లేనిచో యంత్రము పాతదానిపై క్రొత్తది ముద్రింపదు. పిదప టేపును కొసవఱకు నొకమాఱు త్రిప్పి, మరల వెనుకకు చుట్టవలెను. యంత్రమునందలి పసుపు రంధ్రమునుండి బొమ్మయు, తెలుపు ఎఱుపు రంధ్రములనుండి ధ్వనియు వచ్చును. ఆ తీఁగలను క్యాప్చరు పరికరమనెడి చిన్న డబ్బీకి తగిలించి, ఆ డబ్బీని కంప్యూటరు యూఎస్‌బీ రంధ్రమునఁ జేర్పవలెను. ఓబీఎస్ స్టూడియో వంటి ప్రోగ్రాములు ఉచితముగానే లభించును. గంట టేపు దిగుటకు గంట పట్టును. పాలు కాఁచునప్పటివలె దగ్గఱనుండి చూచుచుండవలెను. మినీ డీవీ టేపులలో చిత్రము మొదటినుండియు అంకెల రూపముననే యుండును గనుక, కెమేరానుండి ఫైర్‌వైరు తీఁగ ద్వారా యథాతథముగా దిగును. దానికి గంటకు సుమారు 13 జీబీల చోటు కావలెను.

ఇచ్చట నొక సూక్ష్మము కలదు. మన దేశపు పాత వీడియోలో సెకండునకు 25 బొమ్మలుండును. ఒక్కొక్క బొమ్మలో బేసి గీతలొక క్షణమునను, సరి గీతలు సెకండులో ఏఁబదియవ వంతు పిదపను పట్టఁబడినవి. కంప్యూటరు ఆ రెంటిని కలిపి చూపఁగా, పరుగిడు బాలిక చేయి దువ్వెన పండ్లవలెఁ జీలి కనఁబడును. దీనిని మాన్పుటకు డీఇంటర్‌లేసు అను ప్రక్రియ కలదు. అప్పుడు సెకండునకు 50 బొమ్మలు వచ్చునట్లే కోరవలెను. 25 చాలునన్నచో సగము కదలిక పోవును. చెడుగుడులో వ్రేలికొన తాఁకినదా లేదా యనునది రెప్పపాటు సంగతి; ఆ రెప్పపాటే పోయినచో ఇంత శ్రమకు ఫలమేమి?

పరిష్కరణమునకు వత్తము. పూర్వపు పండితులు అనేక తాళపత్ర ప్రతులను సరిచూచి శుద్ధప్రతి వ్రాసెడివారు. 19వ శతాబ్దమున సి.పి. బ్రౌను మన గ్రంథములను సేకరించి పండితులచే శుద్ధప్రతులు వ్రాయించెను. శుద్ధప్రతి సిద్ధమైనదని మాతృకను పొయ్యిలో వేయు పండితుఁడు లేఁడు. వీడియోకును నిదియే నీతి. దింపిన పూర్తి వీడియో మాతృక. దానిని ముట్టక దాఁచి, నకలుపైననే షాట్‌కట్, కెడెన్‌లైవ్ వంటి ఉచిత ప్రోగ్రాములతోఁ బని చేయవలెను.

చెడుగుడులో ఒక కూత 30 సెకండ్లకు మించరాదు. ఆ కూతనే ప్రమాణముగాఁ గొని, దాని మొదటికి రెండు సెకండ్లు ముందును, అంపైరు తీర్పునకు రెండు సెకండ్లు పిదపను ఉంచి, నడుమ ఖాళీకాలమును తీసివేయవలెను. కూతల వరుస మార్పరాదు. బొమ్మ మూలను స్కోరు వ్రాయవలెను. ధ్వని తీసివేసి సినిమాపాట పెట్టుట నేఁటి వాడుక. కాని చెడుగుడునకు కూతయే ప్రాణము. కూత తెగినచో ఆడునామె యవుటగును. ఆ ధ్వనియే లేకున్న తీర్పు న్యాయమో కాదో యెట్లు తెలియును?

మా వదినగారి టేపులో తుది కూతకు వెళ్లినవారు వారే, పట్టుబడిరి, జట్టు ఓడెను. ఆ భాగమును తీసివేయుఁడని చుట్టములనేకులు చెప్పిరి. వదినగారు మాత్రము, “ఆ కూతకు వెళ్లుటకు అందఱును జంకుచుండఁగా నేను వెళ్లితిని. అదియు నా యాటయే, ఉండనిండు” అనిరి. పరిష్కర్త పని దుమ్ము తుడుచుటయే గాని కథ మార్చుట కాదని నాకు తోఁచును. ఓటమిని కోసివేసిన వీడియో చూచి యే బాలికయు నేమియు నేర్వదు.

ఇఁక ముందు తీయువారికి రెండు మాటలు. ఫోనును నిలువుగాఁ గాక అడ్డముగా నుంచి, మధ్యగీత కెదురుగా ఎత్తైన యరుగుపై స్టాండున నిలుపవలెను. మైదానపు నాలుగు మూలలును కనఁబడవలెను. తన బిడ్డ వెంటనే కెమేరాను త్రిప్పు తల్లి తక్కిన యాఱుగురిని పోఁగొట్టును. చెడుగుడు ఏడుగురి యాట. రాత్రి దీపముల క్రింద షట్టరును 1/100 సెకండున నుంచినచో దీపపు మినుకు తగ్గును. మఱియు ఆ వీడియోలో నుండువారు పరుల బిడ్డలును గనుక, వారి తల్లిదండ్రుల యనుమతి లేక పదిమందికిఁ బంపరాదు.

పని ముగిసిన పిదప మాతృకకు మూఁడు ప్రతులు తీసి, రెండు విధములైన సాధనములలో నుంచి, అం దొక ప్రతిని వేఱింట దాఁచవలెను. ప్రతిదానికిని తేదీయు, ఊరును, ఆడిన బాలికలందఱి పేర్లును వ్రాయవలెను. పేరు లేని బొమ్మ ఇరువది యేండ్లకు ఎవరిదో తెలియని బొమ్మ యగును.

కావున సోదరీమణులారా! ఈ నెలలోనే మీ బీరువాలను వెదకుఁడు. చీరల క్రింద నొక టేపున్నచో, అందులో నే తల్లి బాల్యమో, యే యత్త పరుగో యుండవచ్చును. ఆ పరుగును మీ కుమార్తెలు చూతురు గాక!