నాలుగు గోడల వెలుపల తొలి పాఠాలు: పసిపిల్లల ప్రకృతి తరగతులు

బెంగళూరులో నివసించే తెలుగు కుటుంబాలలో అనేకులకు ఒకటి రెండు గదుల అద్దె ఇల్లే ఆధారం. పెరడు ఉండదు, గుమ్మం దాటితే వాహనాల రద్దీ. పెద్దలు పనికి వెళ్లిన వేళ మూడు నాలుగేళ్ల బిడ్డకు ఫోను తెరే తోడవుతున్నది. ఊళ్లో పెరిగినవారికి అడగకుండానే దక్కిన మట్టి, చెట్టు, వాన ఈ బిడ్డకు ఒకరు పూనుకొని చూపవలసినవయ్యాయి. ఆ పూనికకు క్రమం కల్పించేదే ప్రకృతి తరగతి.

ఈ ఆలోచన మన దేశానికి కొత్తది కాదు. మహారాష్ట్రలో తారాబాయి మోడక్, అనుతాయి వాఘ్ 1945లో బోర్డీలోను, తరువాత కోస్బాడ్‌లోను శిశువిద్యా కేంద్రాలను నడిపారు. ఆదివాసీ పిల్లలు బడికి రాలేకపోతే బడినే వారి ముంగిళ్లకు, పశువులు మేపే బయళ్లకు తీసుకువెళ్లారు. ముంగిటి బడికి వచ్చిన అంగన్‌వాడీ అనే పేరు 1975 అక్టోబరు 2న మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకంతో దేశమంతటా వ్యాపించింది.

తరగతికి పెద్ద ఏర్పాట్లు అక్కరలేదు. ఎండ ముదరకముందు ఒక గంట, కొద్దిమంది పిల్లలు, కనిపెట్టుకొని ఉండే ఇద్దరు పెద్దలు చాలు. ప్రతి వారం అదే చెట్టు వద్దకు వెళ్లడం మేలు; ఆకు రాలడం, చిగురించడం, పూత పట్టడం బిడ్డ స్వయంగా గమనిస్తుంది. రాలిన ఆకులను చిన్నా పెద్దా వరుసలో పేర్చడమే గణితానికి నాంది. చీమల బారును కదలకుండా చూడడం ఏకాగ్రతకు అభ్యాసం. లాల్‌బాగ్‌లోని కొండరాయి వయస్సు సుమారు 300 కోట్ల సంవత్సరాలు. పసివారికి ఆ అంకె అందదు. అరచేతికి తగిలే గరుకుదనం, ఎండకెక్కిన వేడి అందుతాయి.

ఇందులో భాషకూ పాలుంది. ఉపాధ్యాయురాలు బేవు, హొంగె, హుణసె అని చెప్పిన చెట్లే ఇంట్లో వేప, కానుగ, చింత. పసితనంలో రెండు పేర్లూ సులువుగా నిలుస్తాయి. కన్నడ పేరు బడి నేర్పుతుంది. కానుగ అన్న మాటను ఇంటివారే చెప్పాలి.

బయట తిరిగితే చదువు వెనుకబడుతుందన్న భయం సహజమే. మూడు నాలుగేళ్ల పిల్లలకు రోజుకు కనీసం 180 నిమిషాల శారీరక చలనం అవసరమని, అందులో 60 నిమిషాలు చురుకైన ఆట ఉండాలని, కూర్చొని తెర చూసే సమయం ఒక గంటకు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించింది. ఆరుబయటి వెలుతురులో ఎక్కువసేపు గడిపే పిల్లలలో హ్రస్వదృష్టి మొదలయ్యే అవకాశం తగ్గుతుందని కంటి వైద్య పరిశోధనలు తెలుపుతున్నాయి.

జాగ్రత్తలు మాత్రం తప్పనిసరి. గన్నేరు, ఉమ్మెత్త విషపూరితాలు. ఏ కాయనూ ఆకునూ నోట పెట్టరాదని ముందే నేర్పాలి. గొంగళిపురుగును చూడవచ్చు, ముట్టరాదు. వదులైన నూలు బట్టలు, పాదాలను పూర్తిగా కప్పే చెప్పులు, టోపీ, మంచినీళ్లు వెంట ఉంచాలి. ఉబ్బసం, అలర్జీ ఉంటే తరగతి నడిపేవారికి తెలపాలి. ఇంటికి రాగానే సబ్బుతో చేతులు కడిగించాలి. టీకాలు సకాలంలో వేయించాలి.

అంగన్‌వాడీలలో మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు పూర్వ ప్రాథమిక విద్య ఉచితం. పిల్లలను వారంలో ఎన్నిసార్లు ఆరుబయటికి తీసుకువెళ్తున్నారో అక్కడి కార్యకర్తను తల్లిదండ్రులు అడగవచ్చు. తోడుగా ఒక పూట వస్తామనీ చెప్పవచ్చు. పెద్దల తోడు దొరకకనే చాలాచోట్ల పిల్లలు గది దాటలేకపోతున్నారు. ఆ వీలు లేనివారు సెలవు నాడు దగ్గరి పార్కులో ఒక చెట్టును ఎంచుకొని, దాని తెలుగు పేరుతో మొదలుపెట్టవచ్చు.