పులుసులో పడకముందే కుక్క వాటా

కోస్తా ఊళ్ళలో చేపలు తోమేటప్పుడు పెంపుడు కుక్కను పిలవాల్సిన పని లేదు. కత్తిపీట వాల్చేసరికి అదే వచ్చి కూర్చుంటుంది. అంతసేపూ ఆశగా కాచుకున్నాక దానికి దక్కేది మాత్రం అందరి భోజనాలూ అయ్యాక మిగిలిన పులుసన్నం, నాలుగు ముళ్ళు, ఒక తలకాయ. ప్రేమగానే పెడతాం, అదీ ఇష్టంగానే తింటుంది. అయితే కుక్కకు మేలు చేసేది చేప. చేపల పులుసు కాదు. ఆ మేలు దక్కాలంటే దాని వాటాను చింతపండు, ఉల్లి, ఉప్పు తగలకముందే తీసి పక్కన పెట్టాలి. అలా తీసిన పావుకిలో చేపతో వారం పది రోజులకు సరిపడా చిరుతిండి ఇంట్లోనే చేసుకోవచ్చు.

చింతపండు సంగతి ఈ మధ్య బయటపడిందే. ద్రాక్ష, కిస్‌మిస్ తిన్న కుక్కల్లో మూత్రపిండాలు దెబ్బతింటున్నాయని అమెరికాలో ఏఎస్‌పీసీఏ అనే జంతు సంక్షేమ సంస్థకు చెందిన విష సమాచార కేంద్రం పశువైద్యులు 2001లో చెప్పారు. ద్రాక్షలో ఏ పదార్థం ఈ పని చేస్తోందో మాత్రం ఇరవై ఏళ్ళపాటు అంతుపట్టలేదు. పురుగుమందులేమో అన్నారు, బూజు విషాలేమో అన్నారు. ఏదీ నిలవలేదు. చివరికి దారి చూపింది పిల్లలు ఆడుకునే పిండిముద్ద. ఇంట్లో చేసిన ఆ ముద్దలో క్రీమ్ ఆఫ్ టార్టార్ అనే పొడి కలిపారు. దాన్ని తిన్న కుక్కకూ అచ్చం ద్రాక్ష తిన్న కుక్కలకు వచ్చిన జబ్బే వచ్చింది. ఆ పొడి టార్టారిక్ ఆమ్లపు లవణం. ద్రాక్షలోనూ ఆ ఆమ్లమే దండిగా ఉంటుంది. ఆ కేంద్రం పశువైద్యులే 2021లో ఈ రెండింటినీ ముడిపెట్టారు. ఆ వెంటనే చింతపండు తిన్న కుక్కల కేసులను కూడా తిరగేస్తే అవే వాంతులు, అదే మూత్రపిండాల దెబ్బ కనిపించాయి.

చింతపండు గుజ్జులో టార్టారిక్ ఆమ్లం 8 నుంచి 18 శాతం దాకా ఉంటుంది. ఇంత ఎక్కువగా ఉండే పండ్లు అరుదు. మన మూత్రపిండాల కణాలు ఈ ఆమ్లాన్ని పేరుకోనివ్వకుండా బయటికి తోసేస్తాయి. అందుకు వాటిలో ప్రత్యేకమైన రవాణా ప్రోటీన్లు ఉన్నాయి. కుక్కలో ఆ ఏర్పాటు బలహీనంగా ఉండటంతో ఆమ్లం కణాల్లోనే పోగవుతుందని శాస్త్రవేత్తల అంచనా. ఒక ముద్ద పులుసన్నం తిన్న ప్రతి కుక్కా జబ్బు పడుతుందని దీని అర్థం కాదు. ఏ కుక్క ఎంతవరకు తట్టుకుంటుందో ముందే చెప్పే కొలత లేదు, అదే చిక్కు. పులుసు గిన్నె నాకిన రోజే వాంతులు మొదలైతే ‘తిన్నది పడలేదులే’ అని ఊరుకోకుండా పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్ళాలి. మూత్రపిండాల నష్టం పైకి తెలియడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది.

ఉల్లి, వెల్లుల్లి మాట చాలామంది వినే ఉంటారు. వాటిలోని గంధక సమ్మేళనాలు కుక్క ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తాయి. ఉడికించినా వేయించినా ఆ గుణం పోదు. ముక్కలు ఏరేసి పెట్టినా లాభం లేదు, సారం అప్పటికే పులుసులోకి దిగి ఉంటుంది.

ఇక చేప చేసే మేలు. కుక్క నాలుక మీద రుచి మొగ్గలు 1,700 దాకా ఉంటే మనకు సుమారు 9,000 ఉంటాయి. కుక్కకు తిండి మీద ఇష్టం పుట్టేది ముందు ముక్కుతో. సముద్రపు చేప ఒంట్లో ట్రైమిథైలమైన్ ఆక్సైడ్ అనే పదార్థం ఉంటుంది. చేప చచ్చాక బాక్టీరియా దాన్ని విరగ్గొడితే ట్రైమిథైలమైన్ అనే వాయువు పుడుతుంది. మనం నీచు వాసన అనేది చాలావరకు దీన్నే. మనం ముక్కు మూసుకునే ఆ వాసనకే కుక్క పరుగెత్తుకొస్తుంది. కాబట్టి ‘కూర్చో’, ‘రా’ లాంటివి నేర్పేటప్పుడు గోరంత చేపముక్క చూపినా అది మాట వింటుంది.

అసలు విలువ కొవ్వులో ఉంది. ఈపీఏ, డీహెచ్‌ఏ అనే ఒమేగా-3 కొవ్వు ఆమ్లాలు సముద్రపు నాచులో తయారై, చిన్న చేపల మీదుగా పెద్ద చేపలకు చేరతాయి. అవిసె గింజల్లో ఉండే ఒమేగా-3 వేరే రకం. దాన్ని ఈపీఏ, డీహెచ్‌ఏలుగా మార్చుకోవడం కుక్కకు అంతంత మాత్రమే చేతనవును. చర్మం దురదలకూ ముసలి కుక్కల కీళ్ళ నొప్పులకూ పశువైద్యులు చేపనూనె రాసేది ఈ రెండింటి కోసమే. కుక్కపిల్లల మెదడు, కంటి ఎదుగుదలకు డీహెచ్‌ఏ కావాలి. అలాగని వారానికి నాలుగు చేప బిస్కట్లు పెట్టి మందు మానేస్తే కుదరదు. చిరుతిండి చిరుతిండే.

చేపను ఎంచుకోవడంలో నా సలహా ఒకటే: చిన్న చేప కొనండి. నెత్తళ్ళు, కవళ్ళు, కానాగంతలు చవక, కొవ్వు మంచిది, పాదరసం బెడద తక్కువ. సొర, పెద్ద వంజరం, పెద్ద టూనా లాంటివి ఏళ్ళ తరబడి చిన్న చేపలను తింటూ ఆ పాదరసమంతా ఒంట్లో కూడబెట్టుకుంటాయి. కుక్క కోసం ఖరీదైన వంజరం కొని దానికి పాదరసం పెట్టడం ఎందుకు?

చిన్న చేపతో ఒక జాగ్రత్త ఉంది. కానాగంతలు, కవళ్ళు ఐసు లేకుండా ఎండలో ఉంటే వాటి కండలోని హిస్టిడిన్‌ను బాక్టీరియా హిస్టమిన్‌గా మారుస్తుంది. మనుషులకు మొహం ఎర్రబడి, దద్దుర్లు లేచేది దీనివల్లే. ఒకసారి తయారైన హిస్టమిన్ ఎంత ఉడికించినా పోదు. కాబట్టి కళ్ళు గుంటలు పడి, మొప్పలు నల్లబడిన చేపను ‘కుక్కకే కదా’ అని తీసుకోవద్దు. పులుసుకు పనికిరాని చేప కుక్కకూ పనికిరాదు. గాలి పీల్చి బంతిలా ఉబ్బే విషపు చేపలు కొన్నిసార్లు వలలో పడి ఒడ్డున పారేసి ఉంటాయి. వాటి విషానికీ వేడి లెక్క లేదు. బీచ్‌కి తీసుకెళ్ళిన కుక్కను వాటి దగ్గరికి పోనివ్వకూడదు.

పచ్చి చేప పెట్టొచ్చా అని కొందరు అడుగుతారు. దీనికి జవాబు నక్కలు చెప్పాయి. 1932లో అమెరికాలోని మిన్నెసోటాలో బొచ్చు కోసం నక్కలను పెంచే ఒక ఫారంలో నక్కలు తిండి మానేసి, తూలి, పక్షవాతం వచ్చి చచ్చిపోయాయి. ఆ ఫారం యజమాని పేరు మీదే ఆ జబ్బును చాస్టెక్ పక్షవాతం అన్నారు. తర్వాతి పరిశోధనల్లో తేలిందేమంటే, వాటికి పెట్టిన పచ్చి చేపలో థయామినేజ్ అనే ఎంజైమ్ ఉంది, అది తిండిలోని బి1 విటమిన్‌ను విరగ్గొట్టేసింది. కార్ప్ జాతి చేపలు చాలావాటిలో, కవళ్ళ కుటుంబంలో కొన్నిట్లో ఈ ఎంజైమ్ ఉంటుంది. గడ్డకట్టించినా అది చావదు, ఉడికిస్తే పోతుంది.

సియాటిల్ చుట్టుపక్కల ఉంటున్న తెలుగువాళ్ళకు ఇంకో మాట. ఉత్తర కాలిఫోర్నియా నుంచి వాషింగ్టన్ దాకా నదుల్లో పట్టిన సాల్మన్, ట్రౌట్ చేపల్లో ఒక చదును పురుగు ఉంటుంది. ఆ పురుగులో నియోరికెట్సియా అనే బాక్టీరియా దాక్కుని ఉంటుంది. పచ్చి చేప తిన్న కుక్కకు వారం తిరిగేసరికి జ్వరం, వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. వైద్యం అందకపోతే నూటికి తొంభై కుక్కలు దక్కవు, సకాలంలో యాంటీబయోటిక్ పడితే బతుకుతాయి. పిల్లులకు ఈ జబ్బు రాదు. ఆ పురుగును మోసే నత్త అక్కడి వాగుల్లోనే ఉంటుంది కాబట్టి మన గోదావరి చేపలకు ఈ భయం లేదు. అక్కడున్నవాళ్ళు మాత్రం సాల్మన్ తోలు, తల పచ్చివి పడెయ్యకూడదు.

ముల్లు సంగతికి వస్తే, శీలవతి, బొచ్చె లాంటి చెరువు చేపల్లో కండ మధ్యన వై ఆకారపు సన్నటి ముళ్ళు చెల్లాచెదురుగా ఉంటాయి. మామూలుగా ఉడికిస్తే అవి అలాగే ఉంటాయి, కుక్క గొంతులో గుచ్చుకుంటాయి. చిన్న చేపలకైతే ప్రెషర్ కుక్కర్ ఉపాయం ఉంది. ముల్లుకు గట్టిదనం ఇచ్చేది సున్నం ఒక్కటే కాదు, దాన్ని అల్లుకున్న కొల్లాజెన్ అనే ప్రోటీన్ కూడా. కుక్కర్లో నీరు 120 డిగ్రీల దగ్గర మరుగుతుంది. ఆ వేడికి కొల్లాజెన్ కరిగి జెలటిన్ అయిపోతుంది, మిగిలిన సున్నం పిండి అవుతుంది. డబ్బా కవళ్ళలో ముల్లు తగలకపోవడానికి కారణం ఇదే.

పావుకిలో కవళ్ళకు తల, పేగు, పొలుసు తీసేసి, మునిగీ మునగనట్టు నీళ్ళు పోసి, కుక్కర్లో ప్రెషర్ వచ్చాక సన్న సెగ మీద అరగంట పైనే ఉంచండి. చల్లారాక ఒక చేప వెన్నుముల్లు లాగి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలపండి. సుద్దలా పొడి కావాలి. ఏ మాత్రం గుచ్చుకున్నా మళ్ళీ కుక్కర్ ఎక్కించాలి. పెద్ద చేప అయితే ఈ తంటా వద్దు, ఉడికించి కండ విప్పి, చిన్న పిడికెడు చొప్పున వేళ్ళతో తడుముతూ ముల్లు ఏరేయడమే.

మెత్తగా మెదిపిన చేపలో ఒక గుడ్డు, పట్టినంత రాగి పిండి గానీ బియ్యప్పిండి గానీ వేసి, ఉడికిన నీళ్ళే కొద్దికొద్దిగా చిలకరిస్తూ చపాతీ పిండి కన్నా గట్టిగా కలపాలి. ఉప్పు వద్దు. కుక్కకు పిండి పదార్థం అరగదన్న మాట తరచూ వినిపిస్తుంది. 2013లో స్వీడన్‌లోని ఉప్సలా విశ్వవిద్యాలయం వాళ్ళు కుక్క, తోడేలు జన్యువులను పోల్చి చూస్తే, పిండిని అరిగించే అమైలేజ్ ఎంజైమ్ జన్యువు ప్రతులు తోడేళ్ళలో కన్నా కుక్కల్లో ఎన్నో రెట్లు కనిపించాయి. మనిషి పంచన చేరి మన గంజీ గటకా తాగుతూ అవి అలా మారాయి. కాబట్టి కాస్త రాగి పిండి హాని చేయదు.

పిండిని అర సెంటీమీటరు మందాన వత్తి, బఠాణీ గింజంత ముక్కలుగా కోసి, ముందు ఇడ్లీ పాత్రలో పది పదిహేను నిమిషాలు ఆవిరి పట్టించాలి. తర్వాతే ఆరబెట్టడం. ఈ వరస తప్పకూడదు. సాల్మొనెల్లా లాంటి క్రిములు తడిలో 71 డిగ్రీల వేడికే చచ్చిపోతాయి. ముందే ఎండిపోతే ఆ పొడిదనంలో మొండికేసి, అదే వేడిని తట్టుకుంటాయి. మాంసం ఎండబెట్టేవాళ్ళకు అమెరికా వ్యవసాయ శాఖ చెప్పే నియమం కూడా ఇదే: ముందు ఉడికించు, ఆపైన ఎండబెట్టు. ఆవిరి పట్టిన ముక్కలను ఓవెన్‌లో 90, 100 డిగ్రీల మధ్య గంటన్నర రెండు గంటలు, లేదా మందపాటి పెనం మీద సన్న సెగన తిప్పుతూ ఆరనివ్వండి. విరిస్తే జంతికలా విరగాలి, వంగిందంటే లోపల తడి ఉన్నట్టే.

ఇంత శ్రమ పడలేనివాళ్ళకు ఎండు నెత్తళ్ళు ఉండనే ఉన్నాయి. బాగా ఎండిన నెత్తళ్ళు కుక్కకు చక్కటి చిరుతిండి, ఉప్పు లేనివైతే. ఒడ్డున ఇసుకలో ఎండబెట్టినవాటిలో ఇసుకా, ఈగలు వాలిన మకిలీ ఉంటాయి. కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ రూపొందించిన సోలార్ డ్రయ్యర్లలో ఎండినవి దొరికితే అవి మేలు. పెద్ద ఉప్పు చేపల జోలికి మాత్రం వెళ్ళొద్దు. వాటిలో ఉప్పు బరువులో 10 నుంచి 20 శాతం దాకా ఉండొచ్చు. ఒంటి బరువు కిలోకు 2 గ్రాముల ఉప్పు పడితే కుక్కలో విష లక్షణాలు మొదలవుతాయి, 4 గ్రాములైతే ప్రాణం మీదికి వస్తుంది. అంటే 10 కిలోల కుక్క అటక మీది పొట్లం లాగి 20 శాతం ఉప్పున్న చేప వంద గ్రాములు తినేస్తే లెక్క విష లక్షణాల దాకా వెళ్ళినట్టే. వాంతులు, విపరీతమైన దాహం, ఒణుకు, ఫిట్స్ వస్తాయి. కుక్క ఏదైనా తినరానిది తింటే కక్కించడానికి ఉప్పునీళ్ళు తాగించే అలవాటు కూడా ఇందుకే ప్రమాదకరం, దయచేసి మానండి. కొద్దిపాటి ఉప్పున్న నెత్తళ్ళయితే రెండు మూడు నీళ్ళు మారుస్తూ గంటల తరబడి నానబెట్టి, ఉడికించి, మళ్ళీ ఆరబెట్టుకోవచ్చు.

ఎంత పెట్టాలి? చిరుతిళ్ళన్నీ కలిపి రోజు మొత్తం కేలరీల్లో పదో వంతు మించకూడదన్నది పశువైద్యులు పాటించే కొలత. 10 కిలోల కుక్కకు రోజుకు సుమారు 600 కేలరీలు కావాలి, అందులో పదో వంతు 60. ఎండు నెత్తళ్ళయితే ఇది దాదాపు 20 గ్రాములు, అంటే ఒక గుప్పెడు. పాంక్రియాస్ వాపు వచ్చి తగ్గిన కుక్కకు కొవ్వు చేపలు పడవు. మూత్రపిండాల, గుండె జబ్బులున్నవాటికి డాక్టరును అడక్కుండా పెట్టకూడదు. మొదటిసారి ఏ కుక్కకైనా ఒక్క ముక్క పెట్టి, రెండు రోజులు దురద, విరేచనం లేవని చూసుకుని కొనసాగించండి.

ఒమేగా-3 కొవ్వులకు గాలి, వెలుతురు, వేడి మూడూ శత్రువులే. వాటి అణువుల్లోని బలహీనమైన బంధాల్లో ఆక్సిజన్ దూరితే కొవ్వు ముక్కిపోతుంది, ఆ ముక్కు కొవ్వు తిండిలోని ఇ విటమిన్‌ను కూడా కాజేస్తుంది. అందుకని పూర్తిగా చల్లారాక గాలి చొరని డబ్బాలో పెట్టి, వారానికి సరిపడా ఫ్రిజ్‌లో, మిగతావి ఫ్రీజర్‌లో ఉంచాలి. ఫ్రీజర్లోవి రెండు నెలల్లో అయిపోగొట్టాలి. డబ్బా మూత తీయగానే పాత నూనె కంపు కొట్టినా, ముక్క మీద తెల్లటి నూగు కనిపించినా, కుక్క ఎంత తోక ఊపినా సరే, డబ్బా మొత్తం పారెయ్యండి.