పురుగుల గదిలో వెండితెర!

కుప్పం, పలమనేరు, పుంగనూరు, మదనపల్లె... ఈ వైపు పల్లెల్లో పాత యిళ్ళు చూసినవాళ్ళకి ఓ విశేషం కనిపించే వుంటుంది. చాలా యిళ్ళల్లో వెనకవైపు ఓ పొడుగాటి గది. ఎదురెదురుగా కిటికీలు, కిటికీలకి సన్నటి వల, గోడల పైభాగాన గాలి రంధ్రాలు. అది పడగ్గది కాదు, వంటగది కాదు, ధాన్యం కొట్టు అంతకన్నా కాదు. పట్టుపురుగులు మేపే గది! ఆ వల దోమల కోసం అనుకునేరు. పురుగుల ఒంటిమీద గుడ్లు పెట్టి పంటను పాడుచేసే వూజీ ఈగ కోసం.

ఒకప్పుడు యింట్లో పెద్దపీట ఆ గదిదే. పురుగు గుడ్డులోంచి బయటపడ్డ రోజు నుంచి గూడు అల్లుకునేదాకా యించుమించు 25 రోజులు. మధ్యలో నాలుగు 'జ్వరాలు'. పురుగు మేత మానేసి, నిద్రపోయి, కుబుసం విడవడాన్ని మావాళ్ళు జ్వరం అంటారు లెండి. 24 నుంచి 28 డిగ్రీల మధ్య వేడి వుండాలి, గాలిలో తేమ వుండాలి. నాలుగో జ్వరం లేచాక పురుగులకి ఆకలే ఆకలి. మొత్తం ఆకులో ముప్పాతిక వంతుకు పైగా ఆ చివరి వారం పదిరోజుల్లోనే తినేస్తాయి. రాత్రిపూట లైటు తీసేసి గుమ్మంలో నిలబడితే, వేల పురుగులు మల్బరీ ఆకు కొరికే చప్పుడు అచ్చం సన్నటి వాన కురుస్తున్నట్టు వుంటుంది.

ఆ గూళ్ళు అమ్మడానికి మావూళ్ళవాళ్ళు రామనగరం దాకా పోయేవాళ్ళు. అన్నట్టు, 1975లో విడుదలైన 'షోలే'లో గబ్బర్‌సింగ్ తిరిగిన కొండలు అక్కడివే! ఇంకో చిత్రమైన లెక్క చెప్పనా? మంచిరకం గూడు ఒక్కదాంట్లోంచి వెయ్యి మీటర్ల దాకా దారం వస్తుంది. సినిమా రీలు వెయ్యి అడుగులు. అంటే బొటనవేలంత గూట్లో మూడు రీళ్ళ పొడుగు దారం!

తరవాత తరవాత యింటికి దూరంగా విడిగా షెడ్లు వచ్చాయి. కొమ్మలతో సహా మేత వేసే పద్ధతి వచ్చింది. యింట్లో వున్న పురుగుల గదులకి తాళాలు పడ్డాయి. మా యింట్లోనూ పడింది. పదకొండేళ్ళపాటు అందులో విరిగిన కుర్చీలు, ఖాళీ డ్రమ్ములు, చంద్రికలు (పురుగులు గూళ్ళు అల్లుకునే వెదురు తడికలు) తప్ప మరేమీ లేవు. ఇప్పుడా గదిలో ప్రతి ఆదివారం సాయంత్రం సినిమా నడుస్తోంది. ఆ ముచ్చటే యిది.

సినిమా పుట్టిందీ అలాంటి గదిలోనే!

నవ్వకండి. 1895 డిసెంబరు 28న లూమియేర్ సోదరులు డబ్బు తీసుకుని మొదటిసారి సినిమా చూపించింది రాజభవనంలో కాదు, నాటకశాలలో కాదు. పారిస్‌లోని గ్రాండ్ కేఫ్ అనే కాఫీ హోటలు నేలమాళిగలో! అంతకుముందు అది బిలియర్డ్స్ ఆడుకునే గది. దాని పేరేమిటో తెలుసా? 'సలోన్ ఇండియన్'. మన దేశం పేరే! టిక్కెట్టు ఒక ఫ్రాంకు. ఆ రోజు వచ్చినవాళ్ళు 33 మంది. వసూళ్ళలో నూటికి 20 వాటా యిస్తామంటే హోటలు యజమాని వద్దన్నాడట. రోజుకు 30 ఫ్రాంకుల అద్దె చాలన్నాడట. కొద్దిరోజుల్లో జనం వీధి పొడుగునా వరసకట్టారు. పాపం, ఆయన అద్దె మాత్రం 30 ఫ్రాంకులే!

మన ఫాల్కేగారి సంగతి సరేసరి. 1913లో 'రాజా హరిశ్చంద్ర' వచ్చే నాటికి బొంబాయి దాదర్‌లో ఆయన కాపురం వున్న బంగళాయే సగం స్టూడియో. భార్య సరస్వతీబాయి యూనిట్ అందరికీ వండిపెట్టేది, ఆ పనయ్యాక ఫిల్ముకి రంధ్రాలు కొట్టేది. 1992లో 'రోజా' పాటలతో దేశాన్ని వూపిన ఏ.ఆర్. రెహమాన్ వాటిని తయారుచేసింది మద్రాసులో తన యింటి ఆవరణలో కట్టుకున్న చిన్న స్టూడియోలోనే. ఇక 1982లో కలర్ టీవీ వచ్చాక ఎన్ని వూళ్ళల్లో వీధిగది వీడియో పార్లర్‌గా మారిందో మన పెద్దవాళ్ళని అడగండి. ఆ జోరు చూసే 1984లో కాపీరైటు చట్టాన్ని సవరించి వీడియో దొంగతనానికి శిక్షలు పెంచారు. కాబట్టి సినిమాకీ, వేరే పనికోసం కట్టిన గదికీ చుట్టరికం పాతదే.

అద్దెకా? అమ్మకా?

మా గది మీద మొదట కన్ను పడింది మా అన్నకి. కుప్పం గ్రానైటుకి పేరున్న చోటు కదా, పాలిషు సామాను పెట్టుకోవడానికి ఒకాయన అద్దె అడిగాడు. "నెల తిరిగేసరికి డబ్బులు చేతిలో పడతాయి గదరా. వూరికే పెట్టుకుని ఏం జేస్తాం?" అన్నాడు అన్న. న్యాయమే. మందులకీ పిల్లల ఫీజులకీ లెక్కలు చూసుకునే యిల్లు మాది.

అడ్డం పడింది మా వదిన. "అత్తమ్మ సినిమా చూసి ఏడాది దాటింది, మీరెవరైనా గమనించినారా?" అంది.

గమనించాల్సిన విషయమే! మా అమ్మకి 68 ఏళ్ళు. ఆ పురుగుల గదిలో పాతికేళ్ళు అర్ధరాత్రి లేచి ఆకు వేసిన మనిషి. పంట చేతికొచ్చిన ప్రతిసారీ గూళ్ళ డబ్బుతో యింటిల్లిపాదినీ కుప్పం తీసుకెళ్ళి సినిమా చూపించిన మనిషి. అలాంటావిడ హాల్లో టీవీ పెట్టగానే లేచి వరండాలోకి పోతోంది. అడిగితే ఒకటే మాట: "సౌండు వస్తా ఉండాది. మాటలే రావడంలేదు."

ఆ మాటలో చాలా వుంది. వయసు మళ్ళిన చెవికి ముందుగా తగ్గేది పదునైన శబ్దాలు. స, త, క లాంటి అక్షరాలు జారిపోతాయి. మనిషి మాట్లాడుతున్నట్టు తెలుస్తుంది, ఏమన్నదీ తెలియదు. చెవి మిషను పెట్టించాం. పక్కన కూర్చుని మాట్లాడితే బాగానే పనిచేస్తుంది. కానీ మా హాల్లో కింద నున్నటి గ్రానైటు, నాలుగు పక్కలా నున్నటి గోడలు, పైన కాంక్రీటు. మాట ఒకసారి పుడితే పదిసార్లు ప్రతిధ్వనిస్తుంది. దానికి తోడు మిక్సీ, ఫ్యాను, పిల్లల గోల. మిషను అన్నిటినీ కలిపి పెద్దది చేసి చెవిలో పోస్తుంది! వాల్యూము పెంచితే గోల పెరుగుతుందే గానీ మాట స్పష్టం కాదు.

అప్పుడే నేను అన్నతో చెప్పాను. ఒక్క నెల గడువివ్వు, గదిని అమ్మ చెవికోసం తయారుచేస్తాను, ఆమె మాటలు పట్టుకోలేకపోతే తాళంచెవి నీ చేతికే యిస్తాను అని. అన్న సరేనన్నాడు. గ్రానైటాయన్ని కూడా నెల ఆగమన్నాడు.

పరుపులు మోసిన ప్రొఫెసరుగారు

ఈ విద్యకి మూలపురుషుడు ఒకాయన వున్నాడు. వాలెస్ సాబిన్. అమెరికాలో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో కుర్ర ప్రొఫెసరు. అక్కడ కొత్తగా కట్టిన ఉపన్యాసశాలలో మాట ఆగిపోయాక కూడా అయిదు సెకన్లకు పైగా మోగుతూనే వుండేది. ఎవరేం చెబుతున్నారో ఎవరికీ అర్థమయ్యేది కాదు. దాన్ని బాగుచేయమని 1895లో సాబిన్‌కి అప్పగించారు. ఆయన ఏం చేశాడంటే, దగ్గర్లో వున్న నాటకశాల కుర్చీల మెత్తలు రాత్రిళ్ళు మోయించుకొచ్చి, ఒక్కొక్క వరసా పరుస్తూ, ఆర్గన్ గొట్టం వూది, శబ్దం ఎంతసేపటికి చచ్చిపోతుందో గడియారం పట్టుకుని లెక్కగట్టాడు. తెల్లారేలోగా మెత్తలు మళ్ళీ యథాస్థానంలో! తేలిందేమిటంటే, గది పెద్దదైనకొద్దీ మోత ఎక్కువ, మెత్తటి సరుకు ఎక్కువైనకొద్దీ మోత తక్కువ. నేటి థియేటర్లన్నీ ఆ లెక్క మీదే నిలబడ్డాయి.

మాది పదహారడుగుల పొడవు, పదకొండడుగుల వెడల్పు గది. లావుపాటి మట్టిగోడలు, పెంకుల కప్పు, రోడ్డుకు దూరం. బయటి శబ్దం తక్కువే. కానీ ఖాళీగా వున్నప్పుడు చప్పట్లు కొడితే మాత్రం ఖంగుమనేది.

ముందు శుద్ధి. పురుగుల గదుల్లో ఏళ్ళ తరబడి ఫార్మలిన్, బ్లీచింగు వాడతారు కాబట్టి కడిగించి, సున్నం వేయించి, రెండు వారాలు తలుపులు బార్లా తెరిచి వుంచాం. పాత గోనెసంచులు లోపలికి రానివ్వలేదు. గోడలకి థర్మోకోలు, కోడిగుడ్ల అట్టలు అంటిస్తే చాలని ఒకరు సలహా చెప్పారు. అవి మనిషి మాటలోని మోతని తీసేది బహుతక్కువ, నిప్పంటుకుంటే ప్రమాదం. వద్దన్నాను.

చంద్రికలు వున్నాయి కదా! కడిగి, ఎండబెట్టి, గోడకి నాలుగంగుళాల ఎడంగా నిలబెట్టాం. వాటిమీద అమ్మ పాతచీరలతో కుట్టిన బొంతలు రెండేసి మడతలు వేశాం. ఎక్కడ పెట్టాలో తెలుసుకోవడానికి అద్దం చిట్కా వుంది. చూసేవాళ్ళు కుర్చీలో కూర్చోవాలి, మరొకరు పక్కగోడ వెంబడి అద్దం జరుపుకుంటూ పోవాలి. ఎక్కడ అద్దంలో స్పీకరు కనిపిస్తే అక్కడ బొంత. అంతే! మాట గోడకి తగిలి చెవికి వచ్చేది ఆ చోటు నుంచే. కింద జంపఖానా పరిచాం. కిటికీలకి నల్లగుడ్డ పరదాలు కట్టాంగానీ గాలి రంధ్రాలు మూయలేదు. నలుగురు కూర్చునే గదికి వూపిరి కావాలి. కరెంటుకి ఎర్తుతో సహా కొత్త లైను లాగించాం. హాల్లో టీవీ తెచ్చి, దాని కింద ఒకే ఒక స్పీకరు పెట్టాం. అమ్మ కుర్చీ ఆరడుగుల దూరంలో. కొన్నది తక్కువ, వున్నదాన్ని వాడుకున్నదే ఎక్కువ.

'సౌండు తగ్గించరా!'

తీర్పు రోజు వచ్చింది. అన్నే పరీక్షాధికారి. టీవీ దగ్గర నిలబడి, అమ్మని అటు తిరగమని, మామూలు గొంతుతో పది మాటలు చెప్పాడు. హాల్లో ఇదే పరీక్ష పెడితే నాలుగు చెప్పిన అమ్మ, ఇక్కడ తొమ్మిది చెప్పింది.

తరవాత 'మాయాబజార్' వేశాం. 1957 నాటి చిత్రం, ఒకే ట్రాకు శబ్దం. అక్షరం అక్షరం విడదీసి పలికే నటులు. హాల్లో అలవాటు చొప్పున మా అన్నకొడుకు వాల్యూము నలభైలో పెట్టాడు. ఎస్.వి. రంగారావుగారి ఘటోత్కచుడు గర్జించేసరికి అమ్మ వెనక్కి తిరిగి, "సౌండు తగ్గించరా! చెవిటిదానికి చెప్పినట్లు ఏందది?" అంది. ఇరవై రెండుకి దించాం. మూడుగంటలపాటు కదల్లేదు. మధ్యలో నవ్వాల్సిన చోటల్లా మాకంటే ముందే నవ్వింది.

అన్న మర్నాడు గ్రానైటాయనకి ఫోను చేసి వేరే గది చూసుకోమన్నాడు. నెలనెలా ఆ అద్దె ఎంత పోతోందో ఇప్పటికీ లెక్కగట్టి చెబుతూనే వుంటాడు. ఆదివారం మాత్రం ముందువరస కుర్చీ ఆయనదే!

అన్ని చిత్రాలూ అమ్మకి అందుతున్నాయని చెప్పను. కొత్త సినిమాల్లో నేపథ్య సంగీతం మాటల్ని మింగేసేచోట తడబడుతుంది. కొత్త చిత్రాల శబ్దంలో సంభాషణ ఎక్కువగా మధ్య స్పీకరుకే పంచుతారు. కాబట్టి మీ టీవీలో 'స్పీచ్', 'డైలాగ్' లాంటి మీట వుంటే నొక్కి చూడండి. కొంత తేడా వుంటుంది. తెలుగు అక్షరాలు కింద పడే సినిమా దొరికితే మరీ మేలు.

మాది మూడు రాష్ట్రాలు కలిసేచోటు. పక్కింటి పెద్దావిడది అరవం, ఎదురింటావిడది కన్నడం. అందుకని ఒక వారం తెలుగు, ఒక వారం తమిళం, ఒక వారం కన్నడం. అమ్మకి మూడూ వచ్చు. టిక్కెట్టు లేదు, సెల్‌ఫోను లోపలికి రాదు. ముగ్గురు పెద్దవాళ్ళూ సినిమా అయ్యాక గంటసేపు అక్కడే కూర్చుని మాట్లాడుకుంటారు. ఆ గదిలో ఒకరి మాట ఒకరికి వినబడుతుంది మరి!

పాఠక మిత్రులారా, మీ యింట్లోనూ తాళం వేసిన గది ఒకటి వుండొచ్చు. అద్దెకివ్వాలా, సామాను కొట్టు చెయ్యాలా అని ఆలోచిస్తూ వుండొచ్చు. ముందు గదిలోకి కాదు, హాల్లోకి చూడండి. టీవీ పెట్టగానే లేచి బయటికి పోతున్నవాళ్ళెవరైనా వున్నారేమో చూడండి. వుంటే ఆ గది వాళ్ళకోసమే. ఎంత పెద్ద తెర, ఎన్ని స్పీకర్లు అన్నది వాళ్ళని కుర్చీలో కూర్చోబెట్టాక తేల్చుకోవచ్చు.

ఈ ఆదివారం మాకు తెలుగు వంతు. అమ్మ కోరిక మన చిత్తూరు నాగయ్యగారి 'త్యాగయ్య'. 1946 నాటి ప్రింటు కదా, శబ్దం ఎలా వుంటుందోనని నాకు అనుమానం. "నాగయ్య మాట్లాడితే వినపడకుండా పోతాదా?" అంటోంది అమ్మ.