ప్రత్యక్ష విక్రయ నిబంధనలు

దుకాణంతో పని లేకుండా, కంపెనీ తన ప్రతినిధుల ద్వారా సరుకును నేరుగా కొనేవారికి అమ్మడమే ప్రత్యక్ష విక్రయం. వినియోగదారుల రక్షణ చట్టం-2019 కింద కేంద్రం 2021 డిసెంబరులో దీనికి నిబంధనలు తెచ్చింది.

వీటి ప్రకారం ప్రతినిధి ముందుగా అనుమతి తీసుకోకుండా ఇంటికి రాకూడదు. గుర్తింపు కార్డు వెంట ఉండాలి. తానెవరో, ఏ కంపెనీ తరఫున, ఏం అమ్మడానికి వచ్చాడో మొదటే నిజాయతీగా చెప్పాలి. ధర, చెల్లింపు, గ్యారంటీ, వాపసు షరతులన్నీ వివరించాలి. ఆర్డరు రద్దు చేసుకునే హక్కు, తిరిగి అమ్మదగిన స్థితిలో సరుకు వెనక్కిచ్చి పూర్తి డబ్బు పొందే హక్కు కొనుగోలుదారుకు ఉన్నాయని తెలపడమూ అతని బాధ్యతే. అమ్మేవారు దీన్ని దాటవేయవచ్చు. కానీ కొనేవారికి ఇది చాలా అవసరం.

ఫిర్యాదు అందినట్లు కంపెనీ అధికారి 48 పనిగంటల్లో తెలియజేయాలి, మామూలుగా నెలలోపు పరిష్కరించాలి. సభ్యులను చేర్పిస్తే డబ్బొస్తుందనే పిరమిడ్ పథకాలు పూర్తిగా నిషిద్ధం.

ఏ కంపెనీకీ చెందని వ్యాపారికి ఈ నిబంధనలు వర్తించకపోయినా, బిల్లు ఇవ్వకపోవడం చట్టం దృష్టిలో అనుచిత వ్యాపార పద్ధతే. మోసపోయినవారు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు.