వీధిలో భోజనం

ఇంటి ముందు వీధిలో బల్ల వేసి, చుట్టూ కుర్చీలు సర్ది, నలుగురు కూర్చుని అన్నం తింటుంటే చూసినవాళ్ళు ఏమంటారు? "వీళ్ళకేమైనా పిచ్చా?" అంటారు కదూ!

1978లో బ్రాటిస్లావా నగరంలో అచ్చం ఇలాగే జరిగింది. ఎత్తయిన అపార్టుమెంట్ల మధ్య, ఆరుబయట బల్ల వేసుకుని కొందరు మిత్రులు భోజనానికి కూర్చున్నారు. నినాదాల్లేవు, జెండాల్లేవు. కిటికీల్లోంచి జనం వింతగా చూశారు. ఆ భోజనం వెనక ఉన్న కళాకారుడు యాన్ బుదాయ్. అప్పటికి పాతికేళ్ళు దాటిన కుర్రాడు.

అన్నం తినడం కళ ఎలా అవుతుందని నేనూ అనుకున్నాను. కాలం తెలిస్తే అర్థమవుతుంది. అప్పట్లో స్లొవేకియా, చెకొస్లొవేకియాలో భాగం. 1968 ఆగస్టులో సోవియట్ కూటమి ట్యాంకులు వచ్చి అక్కడ మొలకెత్తుతున్న స్వేచ్ఛను తొక్కేశాయి. ఆ తర్వాత జనానికి అలవాటైన సూత్రం ఒకటే. తలుపులేసుకుని ఇంట్లో ఏమైనా అనుకోవచ్చు, గడప దాటితే మాత్రం నోరు మెదపకూడదు. బుదాయ్ చేసిందల్లా గడప లోపలి పనిని గడప బయటికి తేవడమే!

మరుసటి ఏడాది ఇంకో చమత్కారం. ఎప్పటికీ జరగని కార్యక్రమాలకు, నిజంగా జరిగేవాటిలాగే పోస్టర్లు వేసి నగరంలో అంటించారు. చదివినవాళ్ళకు "ఇలాంటివి మన ఊళ్ళో ఎందుకు జరగవు?" అన్న ప్రశ్న దానంతటదే పుడుతుంది కదా! ఇన్ని ఆలోచనలున్న మనిషికి బతుకుతెరువు మాత్రం బాయిలర్ గదిలో పొయ్యి ఎగదోసే పని.

1987లో బుదాయ్, ప్రకృతి పరిరక్షణ సంఘంలోని మిత్రులతో కలిసి ఒక నివేదిక తెచ్చారు. పేరు 'బ్రాటిస్లావా నహ్లాస్'. అంటే 'బ్రాటిస్లావా, బిగ్గరగా' అని. పీల్చే గాలి, తాగే నీరు, కూల్చేస్తున్న పాత కట్టడాలు... అందరికీ తెలిసినవే, ఎవరూ పైకి అననివే అందులో ఉన్నాయి. ప్రభుత్వం మండిపడింది. జనం మాత్రం చేతులు మార్చుకుంటూ చదివారు.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. మా వీధి కుళాయిలో రంగు నీళ్ళు వచ్చిన రోజుల్లో మూడు నెలలపాటు మేమంతా వంటింట్లో గొణుక్కున్నాం. చివరికి ఎదురింటి పిన్నిగారు ఒక అర్జీ రాసి, మొదటి సంతకం నన్ను చెయ్యమన్నారు. "ఆయన్నడిగి చెప్తానండీ" అన్నాను. డిగ్రీ చదివాను, కథలు రాస్తాను, అయినా పెన్ను కదల్లేదు. పిన్నిగారు నవ్వి, మొదటి సంతకం తనే పెట్టేశారు. ట్యాంకులు లేని ఊళ్ళోనే నాకు అంత జంకయితే, అక్కడివాళ్ళ సంగతేమిటి?

1989 నవంబరులో ఆ జంకు వదిలింది. ప్రాగ్‌లో విద్యార్థుల్ని పోలీసులు కొట్టారన్న వార్త రాగానే బ్రాటిస్లావాలో కళాకారులు, శాస్త్రవేత్తలు, పర్యావరణవాదులు కలిసి 'హింసకు వ్యతిరేకంగా ప్రజలు' అనే ఉద్యమం మొదలుపెట్టారు. చౌరస్తాలో వేల జనం ముందు మైకు పట్టుకున్నవాళ్ళలో బుదాయ్, నటుడు మిలాన్ క్న్యాజ్కో ముఖ్యులు. జనం తాళంచెవుల గుత్తులు గలగలలాడించారు. డిసెంబరు 10న నగరవాసులు సరిహద్దు దాటి ఆస్ట్రియాలోని హైన్‌బుర్గ్ దాకా నడిచి వెళ్ళారు, నిన్నటిదాకా ముళ్ళకంచె ఉన్న దారిలో!

కథ ఇక్కడ ఆగితే సుఖాంతమే. 1990 జూన్‌లో స్వేచ్ఛగా ఎన్నికలు జరిగాయి. సరిగ్గా అప్పుడే పాత రహస్య పోలీసుల రికార్డుల్లో బుదాయ్ పేరు బయటపడింది. తాను కావాలని వాళ్ళకు సాయపడలేదని ఆయన అన్నారు. అయినా పక్కకు తప్పుకోక తప్పలేదు. అందరినీ నోరు విప్పమన్న మనిషి, అందరి ముందూ తన గురించి సంజాయిషీ చెప్పుకోవలసి వచ్చింది. భయపెట్టి పాలించే రాజ్యం కూలిపోయినా, అది అంటించిన మసి ఎంతకాలం ఉంటుందో చూడండి!

ఆయన మళ్ళీ రాజకీయాల్లోకి వచ్చారు, పార్లమెంటుకు వెళ్ళారు. 2020 మార్చిలో పర్యావరణ మంత్రి అయ్యారు, 2023 దాకా ఆ పదవిలో ఉన్నారు. గాలీ నీరూ బాగాలేవని నివేదిక తెచ్చిన 33 ఏళ్ళకు ఆ గాలీ నీరూ చూసుకునే బాధ్యత ఆయనకే వచ్చింది!

ఆయన్ని మంత్రిగా నియమించిన రాష్ట్రపతి ఎవరో తెలుసా? జుజానా చపుతోవా. ఆ దేశానికి తొలి మహిళా రాష్ట్రపతి. వృత్తిరీత్యా లాయరు. తమ ఊరు పెజినోక్‌లో చెత్త డంపు వద్దని ఏళ్ళ తరబడి పోరాడి, 2013లో సుప్రీంకోర్టులో గెలిచిన అమ్మాయి. ఒకరు భోజనం బల్లతో, ఇంకొకరు ఊరి చెత్తతో మొదలుపెట్టారు. రెండూ ఇంటి పనుల్లాంటివే!

మా కుళాయి నీళ్ళు బాగుపడ్డాయి. అర్జీలో నా సంతకమూ ఉంది, కాకపోతే పదిహేడోది. ఈసారి అలాంటి కాగితం వస్తే మొదటి గీత నాదే కావాలని పెన్ను దగ్గరే పెట్టుకున్నాను. మరి మీరో?